కారులో వీడని పెట్రోలు వాసన

"అల్లుడుగారూ, కారులో పెట్రోలు వాసన వస్తున్నదేమిటి?"

"లేదే మామయ్యగారూ! మాకెవ్వరికీ ఏమీ తెలియడం లేదు."

విజయవాడ నుండి వచ్చిన మామగారు మనుమలతో కలిసి వెనుక సీటులో కూర్చున్నారు. కారు సిడ్నీ పశ్చిమ శివారుల నుండి హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి ఆలయానికి బయలుదేరింది. ఆస్ట్రేలియాలోని ఏ తెలుగువారి కారులోనైనా ఇటువంటి సంభాషణ జరగవచ్చు. ఈ ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడడం లేదు. మామగారి ముక్కు ఆ గాలికి కొత్త. అల్లుడిగారి ముక్కు నెలల తరబడి అదే గాలిని పీల్చి దానికి అలవాటు పడిపోయింది.

ఒకే వాసన ఎడతెగకుండా తగులుతూ ఉంటే కొద్ది నిమిషాలలోనే దాని తీవ్రత తగ్గినట్లు తోస్తుంది. వాసన తగ్గలేదు, దానిని మెదడుకు చేరవేసే వ్యవస్థ స్పందించడం తగ్గించింది. ఊరగాయలు పెట్టే ఇంటివారికి ఇంగువ ఘాటు తెలియకపోవడమూ, గడప దాటి వచ్చిన అతిథికి వెంటనే తెలియడమూ ఇందువల్లనే. ఇంగువ విషయంలో నష్టమేమీ లేదు. పెట్రోలు విషయంలో మాత్రం ఈ అలవాటే అపాయకరం. ప్రమాదానికి అందరికన్నా దగ్గరగా ఉన్నవారికే ముందుగా హెచ్చరిక వినబడకుండా పోతుంది.

ఆ వాసనకు కారణాన్ని ఎలా కనుగొనాలి, ఎలా సరిచేయాలి, ఎక్కడ స్వయంకృషిని ఆపి మెకానిక్కును పిలవాలి అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు.

వాసన వెనుక ఉన్నదేమిటి?

పెట్రోలు ఒకే పదార్థం కాదు. అది కొన్ని వందల ఉదజని కర్బనాల మిశ్రమం. వాటిలో తేలికపాటివి 30 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరగడం ప్రారంభిస్తాయి; బరువైనవి మరగడానికి సుమారు 200 డిగ్రీలు కావాలి. 2020 జనవరి 4న సిడ్నీ పశ్చిమాన పెన్రిత్‌లో 48.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదయింది. అటువంటి ఎండలో నిలిపిన కారు ట్యాంకులో పెట్రోలు ఎంత ఉత్సాహంగా ఆవిరవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఈ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువైనది. అందువల్ల పైకి లేచి పోదు. నేల మీద నీరు పారినట్లు పారి, పల్లపు చోట్ల మడుగు కడుతుంది. గాలిలో దాని పాలు సుమారు 1.4 శాతం నుండి 7.6 శాతం వరకు ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు, అంటుకొనడానికి. మామూలు కారు లోపలి ఖాళీ సుమారు 3,000 లీటర్లు అనుకుంటే, తలుపులు మూసిన ఆ పెట్టెలో ఒక గ్లాసెడు పెట్రోలు పూర్తిగా ఆవిరైతే చాలు, గాలి ఆ హద్దును చేరుతుంది.

ఇక్కడ ప్రకృతి మనకొక మేలు చేసింది. పది లక్షల పాళ్ల గాలిలో ఒక పాలుకన్నా తక్కువ పెట్రోలు ఆవిరి ఉన్నా తాజా ముక్కు దానిని పసిగట్టగలదు. అంటుకొనే హద్దు పది లక్షలకు 14,000 పాళ్లు. అనగా మంట పుట్టే స్థితికి పదివేల వంతు దూరంలో ఉండగానే ముక్కు హెచ్చరిస్తుంది. వాసన వచ్చినంతనే కారు పేలిపోతుందని భయపడనక్కరలేదు. వాసన వస్తున్నా నెలలు గడపడం మాత్రం తగదు.

మంట ఒక్కటే ప్రమాదం కాదు. తలనొప్పి, వికారం, తల తిరగడం వంటివి పెట్రోలు ఆవిరి వల్ల కలుగుతాయి. పిల్లలు వెనుక సీటులో వాంతి చేసుకుంటే ప్రయాణపు బడలిక అని సరిపెట్టుకునేవారు ఒకసారి ఈ కోణం నుండి కూడా ఆలోచించాలి. పెట్రోలులో ఉండే బెంజీన్ రక్తపు క్యాన్సరుకు దారితీయగలదని చాలాకాలంగా తెలుసు. అందుకే ఆస్ట్రేలియా ప్రభుత్వం 2006 జనవరి 1 నుండి పెట్రోలులో బెంజీన్‌ను 1 శాతానికి పరిమితం చేసింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2025లో పెట్రోలునే మానవులకు క్యాన్సరు కలిగించే పదార్థాల తరగతిలో చేర్చింది.

ఆవిరిని బంధించే బొగ్గు డబ్బా

ఒకప్పుడు కార్ల ట్యాంకులు నేరుగా గాలిలోకి ఊపిరి వదిలేవి. ఆ పద్ధతి మారడానికి మూలకారకుడు వాసనల శాస్త్రవేత్త ఒకరు. డచ్చి దేశంలో పుట్టి కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో పనిచేసిన హాగెన్-స్మిట్ అనాసపండు సువాసనకు కారణమైన పదార్థాలను వేరుచేసే పరిశోధనలో ఉండేవాడు. అదే నైపుణ్యంతో ఆయన లాస్ ఏంజెలెస్ నగరాన్ని కమ్మిన కళ్లమంటల పొగమంచును పరీక్షించి, కాలని పెట్రోలు ఆవిరులు, నైట్రోజన్ ఆక్సైడులు సూర్యరశ్మిలో కలిసి దానిని పుట్టిస్తున్నాయని 1950ల తొలినాళ్లలో నిరూపించాడు. కాలక్రమాన ట్యాంకు ఆవిరిని బయటికి వదలరాదన్న నిబంధనలు వచ్చాయి. ఆస్ట్రేలియాలో 1976 నాటి వాహన నియమాలతో ఈ కట్టడి అమలులోకి వచ్చింది.

ఈ ఏర్పాటు సులభమైనదే. ట్యాంకు నుండి వచ్చే ఆవిరి ఒక గొట్టం గుండా ఉత్తేజిత బొగ్గు నింపిన డబ్బాలోకి పోతుంది. నీటి ఫిల్టర్లలో వాడే బొగ్గు వంటిదే ఇదీ. దాని కోటానుకోట్ల సూక్ష్మరంధ్రాల గోడలకు ఆవిరి అణువులు అంటుకొని నిలుస్తాయి. ఇంజను నడిచేటప్పుడు ఒక చిన్న విద్యుత్ కవాటం తెరుచుకుంటుంది. ఇంజను పీల్పుకు బయటి గాలి బొగ్గు గుండా దూసుకువచ్చి, ఆ ఆవిరిని వెంట తీసుకొనిపోయి ఇంజనులో దహింపజేస్తుంది. బొగ్గు మళ్లీ ఖాళీ అవుతుంది.

అయితే ఈ కవాటం మొరాయించినా, గొట్టం పగిలినా, బొగ్గు తడిసిపోయినా కంచే చేను మేసినట్లవుతుంది. వాసనను ఆపవలసిన డబ్బాయే వాసనకు స్థానమవుతుంది. బొగ్గు తడిసిపోవడానికి తరచు కారణం మనమే. ఇక్కడివారు సర్వో అని పిలిచే పెట్రోలు బంకులో నాజిల్ 'టక్కు'మని ఆగిన తరువాత కూడా, లెక్క సరి డాలర్లకు రావాలని రెండు మూడుసార్లు నొక్కి పోసే అలవాటు చాలామందికి ఉన్నది. ట్యాంకు పైభాగంలో ఆవిరికి వదిలిన ఖాళీ అలా పెట్రోలుతో నిండి, ద్రవమే బొగ్గు డబ్బాలోకి పోతుంది. ఆవిరి కోసం చేసిన బొగ్గు ద్రవంలో నానితే తిరిగి కోలుకోవడం కష్టం.

'ఎక్కడ' కన్నా ముందు 'ఎప్పుడు'

వాసన రాగానే అందరూ అడిగే ప్రశ్న, 'ఎక్కడి నుండి?' అని. ఇది సహజమే గాని తొలి ప్రశ్నగా పనికిరాదు. ఆవిరి పారుతుంది. వెనుక చక్రం దగ్గర పుట్టిన వాసన ముందు సీటులో తగలవచ్చు; బానెట్ కింద పుట్టినది అద్దం కింది గాలి రంధ్రాల గుండా లోపలికి రావచ్చు. స్థలం మోసం చేస్తుంది. సమయం అంతగా మోసం చేయదు.

ఈ తర్కం మనవారికి కొత్తది కాదు. తెలుగువాడైన అన్నంభట్టు విద్యార్థుల కోసం రచించిన తర్కసంగ్రహంలో కొండ మీది పొగను చూసి నిప్పును ఊహించే ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. వంటింటిలో పొగ ఉన్నచోట నిప్పు ఉన్నది. మడుగులో నిప్పు లేదు, పొగా లేదు. ఒకటి ఉన్నప్పుడు రెండవది ఉండడం అన్వయం. లేనప్పుడు లేకపోవడం వ్యతిరేకం. కారు వాసనకు కూడా ఈ రెండూ చూడాలి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు వాసన ఉండి, సగానికి దిగినప్పుడు లేకపోతే, కారణం ట్యాంకు పైభాగానిదే.

కనుక ఒక చిన్న పుస్తకం కారులో ఉంచి, వారం రోజులు ఈ వివరాలు వ్రాయాలి: వాసన వచ్చిన వేళ, ట్యాంకులో ఎంత ఉన్నది, ఇంజను చల్లగా ఉన్నదా వేడిగా ఉన్నదా, కారు కదులుతున్నదా నిలిచి ఉన్నదా, కిటికీలూ ఫ్యానూ ఎలా ఉన్నాయి. మెకానిక్కుకు ఈ ఒక్క పేజీ ఎంతో పని తగ్గిస్తుంది. దాని నుండి చేయదగిన నిర్ణయాలు ఇవి.

పెట్రోలు పోయించిన వెంటనే వచ్చి, కొంతదూరం నడిచాక తగ్గితే: ముందుగా మూత చూడాలి. మూత లోపలి రబ్బరు వలయం ఎండలకు గట్టిపడి పగుళ్లిస్తుంది. మూత మంచిదైతే, పోసే గొట్టపు మెడ వద్ద తుప్పునూ, పిదప బొగ్గు డబ్బానూ అనుమానించాలి.

ట్యాంకు నిండినప్పుడు మాత్రమే, ముఖ్యంగా వెనుక సీటులో వస్తే: అనేక కార్లలో పెట్రోలు పంపు ట్యాంకులోనే ఉంటుంది, దానిని అందుకునే మూత వెనుక సీటు కింద ఉంటుంది. ఆ మూత చుట్టూ ఉన్న రబ్బరు సీలు పాతబడినా, గొట్టాలు కలిసే ప్లాస్టిక్ భాగం చిట్లినా ఆవిరి నేరుగా లోపలికి వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోలు ట్యాంకు వెనుకకు ఒరుగుతుంది గనుక, కొండదారిలో వాసన హెచ్చితే ఈ అనుమానం బలపడుతుంది. పిల్లలు కూర్చునేది సరిగ్గా ఆ మూత పైననే.

ఉదయం చల్లని ఇంజను మొదలుపెట్టగానే వచ్చి, పిదప పోతే: చలికి ముడుచుకొన్న రబ్బరు ఓ-రింగులు, ముఖ్యంగా ఇంజెక్టర్ల వద్ద ఉండేవి, కొద్దిగా కారుతుండవచ్చు. ఇంజను వేడెక్కి అవి వ్యాకోచించగానే కారడం ఆగుతుంది. ఇంజను వేడెక్కాక మాయమయ్యే ఈ లోపాన్ని మధ్యాహ్నం చూసే మెకానిక్ కనుగొనలేడు. కారును రాత్రంతా అక్కడే ఉంచి, తెల్లవారి చూడమని కోరాలి.

వేడి ఇంజనును ఆపిన పది ఇరవై నిమిషాలకు గరాజులో వస్తే: ఆగిన ఇంజనుకు చల్లదనమిచ్చే గాలి ఉండదు, బానెట్ కింద వేడి కొంతసేపు పెరుగుతుంది. అప్పుడు గొట్టాల కీళ్ల వద్ద, కారే ఇంజెక్టర్ల వద్ద ఆవిరి బయటపడుతుంది. కార్బురేటర్ ఉన్న పాత కార్లలో అందలి చిన్న తొట్టెలోని పెట్రోలే మరుగుతుంది.

నడుస్తున్నప్పుడు పొగగొట్టం నుండి వచ్చి, పెట్రోలు ఖర్చు కూడా పెరిగితే: ఇది కారడం కాదు, కాలకపోవడం. స్పార్క్ ప్లగ్గు, సెన్సర్లు, ఇంజెక్టర్లు చూడాలి. కాలని పెట్రోలు పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్‌లో చేరి మండితే అది మితిమీరి వేడెక్కుతుంది. అటువంటి కారును వేసవిలో ఎండుగడ్డి మీద నిలపడం ఈ దేశంలో ఎంత అపాయమో చెప్పనక్కరలేదు.

ఇంజను ఆయిల్ కొలిచే పుల్లను వాసన చూసినప్పుడు పెట్రోలు కొట్టి, ఆయిల్ మట్టం పెరుగుతూ ఉంటే: ఇంజెక్టరు కారుతున్నది, లేదా పాత పద్ధతి కార్లలో ఒత్తిడిని నియంత్రించే పరికరంలోని పొర చిరిగినది. ఇంజను భాగాలు అరిగిపోకముందే దీనిని సరిచేయించాలి.

ఏ వేళా నియమమూ లేక ఎల్లప్పుడూ వస్తూ ఉంటే: ముందుగా డిక్కీ చూడాలి. గడ్డి కోసే యంత్రానికి తెచ్చిన పెట్రోలు డబ్బా అందులో ఒలికి ఉండవచ్చు. అది కాకపోతే కారు అడుగున పోయే గొట్టాలలో ఎక్కడో కారుతున్నదని భావించి, కారు నడపడం ఆపాలి.

దీపం వెలగలేదన్న ధీమా

'డ్యాష్‌బోర్డు మీద ఇంజను దీపం వెలగలేదు కదా' అని ఊరట చెందేవారున్నారు. అమెరికా నుండి ఇక్కడికి తరలివచ్చిన కుటుంబాలు ముఖ్యంగా దీనిని గమనించాలి. అమెరికా నియమాల ప్రకారం తయారైన కార్లు 1990ల చివరి నుండి ఆవిరి వ్యవస్థను తామే పరీక్షించుకొని, మూత వదులైనా దీపం వెలిగిస్తాయి. ఆస్ట్రేలియా అనుసరించే ఐరోపా తరహా నియమాలలో ఈ స్వయంపరీక్ష తప్పనిసరి కాదు. ఒకే నమూనా కారు అక్కడ హెచ్చరించి, ఇక్కడ మౌనంగా ఉండవచ్చు.

ప్రభుత్వ తనిఖీ మీద పూర్తిగా ఆధారపడడమూ కుదరదు. న్యూ సౌత్ వేల్స్‌లో ఐదేళ్లు దాటిన కార్లకు ఏటా పింక్ స్లిప్పు పరీక్ష ఉన్నది. విక్టోరియాలో సాధారణంగా కారు చేతులు మారేటప్పుడే రోడ్‌వర్తీ ధ్రువపత్రం కావాలి. మెల్బోర్న్‌లో పదేళ్లుగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న కారు అడుగు భాగాన్ని ప్రభుత్వం తరఫున ఎవరూ చూసి ఉండకపోవచ్చు.

మరొక విషయం ఇథనాల్. 10 శాతం వరకు ఇథనాల్ కలిపిన ఇ10 పెట్రోలు న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాలలో విరివిగా దొరుకుతుంది. నేటి కార్లకు అది సరిపడుతుంది. దానికోసం రూపొందని పాత కార్లలో మాత్రం రబ్బరు గొట్టాలను ఉబ్బించి పాడుచేయగలదు. విద్యార్థులు చవకగా కొనే పాత కార్లకు ఏ పెట్రోలు సరిపోతుందో తయారీదారుల జాబితాలో ముందుగా చూసుకోవాలి.

ఏది ఇంటి పని, ఏది మెకానిక్ పని

ఇంటివారు నిర్భయంగా చేయగల పనులు కొన్నే. మూత మార్చడం అందులో మొదటిది. దీనికి ఖర్చు స్వల్పం, ఫలితం తరచుగా సంపూర్ణం. చల్లారిన ఇంజనును పగటి వెలుగులో, ఆరుబయట, తాళం తీసి ఉంచి కళ్లతో పరీక్షించవచ్చు. గొట్టాల కీళ్ల వద్ద తడి, దుమ్ము కడిగినట్లున్న చారలు, రబ్బరుపై పగుళ్లు చూడాలి. రాత్రి కారు కింద శుభ్రమైన అట్ట పరచి, ఉదయం మరక ఎక్కడున్నదో చూడవచ్చు. ఏసీ నుండి కారే నీటికి వాసన ఉండదు గనుక దానిని చూసి కలత చెందనక్కరలేదు. తమ కారు నమూనాపై ఇంధన సంబంధమైన రీకాల్ ఉన్నదేమో ఫెడరల్ ప్రభుత్వపు రీకాల్ పట్టికలో చూడాలి. ఉంటే మరమ్మతు ఉచితం.

అంతకుమించి చేయి పెట్టరాదు. ఇంజెక్టర్లున్న కార్ల గొట్టాలలో పెట్రోలు వాతావరణ పీడనానికి మూడు నాలుగు రెట్ల ఒత్తిడిలో ఉంటుంది. నేరుగా సిలిండరులోకి చిమ్మే ఇంజన్లలో అది 200 రెట్లకు మించవచ్చు. ఆ ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోగలదు. ఇంజను ఆపినా ఈ ఒత్తిడి వెంటనే పోదు. పైగా చేతికందిన రబ్బరు గొట్టం అతికించడం తాత్కాలికంగా వాసనను ఆపి, తరువాత పెద్ద ప్రమాదాన్ని తెస్తుంది. ఇంజెక్షన్ ఒత్తిడికి తగిన గొట్టం వేరు, ట్యాంకులో మునిగి ఉండే గొట్టం వేరు.

మెకానిక్కును 'స్మోక్ టెస్టు' చేస్తారేమో అడగాలి. ఆవిరి వ్యవస్థలోకి అతి తక్కువ ఒత్తిడితో పొగ పంపితే, చిల్లు ఎక్కడున్నదో అక్కడ పొగ పైకి లేస్తుంది. పొగను చూసి నిప్పును కనుగొన్న పూర్వుల తర్కం ఇక్కడ పొగను చూసి చిల్లును కనుగొంటుంది. ఈ పరీక్ష లేకుండా అనుమానం మీద ఒక్కొక్క భాగమే మార్చుకుంటూ పోతే చేతి చమురు వదులుతుంది. న్యూ సౌత్ వేల్స్‌లో మరమ్మతుదారునికి ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. దానిని అడిగి చూడడంలో మొగమాటం అనవసరం.

కారణం తొలగిన తరువాత కూడా కొన్నాళ్లు వాసన ఉండవచ్చు. ఇంగువ కట్టిన గుడ్డ వలె తివాచీ, దాని కింది మెత్త పెట్రోలును పట్టి ఉంచుతాయి. తలుపులు తెరచి గాలికి ఉంచాలి. వంట సోడా చల్లి మరునాడు ఊడ్చాలి. బాగా తడిసిన మెత్తను మార్చాలి. సువాసన ద్రవ్యాలు వాడరాదు. అవి వాసనను పోగొట్టవు, హెచ్చరికను కప్పిపుచ్చుతాయి.

గరాజు సంగతి

ఆస్ట్రేలియాలో చాలా ఇళ్లకు గరాజు ఇంటినంటుకొనే ఉంటుంది. తెలుగువారి గరాజులలో రెండవ ఫ్రిజ్ కూడా తరచుగా ఉంటుంది. బరువైన పెట్రోలు ఆవిరి నేల వెంట పారి ఫ్రిజ్ స్విచ్చి నిప్పురవ్వను గాని, గ్యాసు నీటిహీటరు మంటను గాని చేరవచ్చు. వాసన వచ్చే కారును కారణం తేలేవరకు ఆరుబయట నిలపాలి. కారు కింద ద్రవం కారుతూ కనబడితే ఇంజను మొదలుపెట్టరాదు, దగ్గరలో స్విచ్చి వేయరాదు. పిల్లలను దూరం పంపి 000కు ఫోను చేయాలి. ప్రయాణంలో తీవ్రమైన వాసన వస్తే రోడ్డు పక్కన ఆపి, ఇంజను కట్టి, అందరినీ దించి ఎన్.ఆర్.ఎం.ఎ., ఆర్.ఎ.సి.వి. వంటి తమ రాష్ట్రపు సంస్థను పిలవాలి. గుడికి గంట ఆలస్యంగా చేరినా స్వామి ఏమీ అనుకోడు.

ఆరోగ్యంగా ఉన్న కారులో పెట్రోలు వాసన అసలు రాకూడదు. 'పాత కారు గదా, కొంచెం వస్తుందిలే' అన్న మాటకు శాస్త్రంలో చోటు లేదు. వారానికొకసారి, ఉదయం కాసేపు ఆరుబయట నడిచి వచ్చి, రాత్రంతా మూసి ఉంచిన కారు తలుపు తెరచి మొదటి ఊపిరి పీల్చి చూడాలి. ఆ మొదటి ఊపిరి చెప్పేదే నమ్మదగినది. ఇంటికి వచ్చిన అతిథి కారెక్కగానే ముక్కు చిట్లిస్తే, ఆ మామగారి మాటను కొట్టిపారవేయక, ఆ రోజే మూత విప్పి చూడాలి.